దాటించిన గిన్నె

తలుపు ఇంకా వేసే ఉంది. లోపల పాస్టరుగారి గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు మాత్రం అందడం లేదు, మధ్యమధ్య బావ దగ్గు, ఆ దగ్గు ఆగిన ప్రతిసారీ నా ఊపిరి కూడా ఆగుతోంది, ప్రేమతో కాదు, అయిపోయాడేమోనని, అయిపోయేముందు ఏదైనా అనేశాడేమోనని. ఒడిలో బల్ల గుడ్డ. ఇస్త్రీ వేడి ఇంకా పోలేదు. అక్క కూతురు ఫోన్ చేసినప్పుడు ఆ గుడ్డే మడత పెడుతున్నాను. "పిన్నీ, డాక్టరు ఇవాళో రేపో అనేశాడు, నాన్న నిన్నే అడుగుతున్నాడు, ఉన్నదానివి ఉన్నట్టు వచ్చేయ్" అంది. లాండ్రీ తలుపులు దగ్గరకు వేసి, చేతిలో ఉన్నది కింద పెట్టాలన్న తెలివి కూడా లేక, చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డని చంకన పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చేశాను. తీరా వస్తే తలుపు మూసి ఉంది. ప్రార్థన అవుతోంది, అయ్యాక పిలుస్తాం, కూర్చో అంది పిల్ల. పిల్లంటే పిల్లేం కాదు, జుట్టు నెరుస్తోంది, స్కూల్లో లెక్కలు చెబుతుంది, అయినా నాకు పిల్లే. కూర్చున్నాను. ఈ కుర్చీలో కూర్చుంటే వంటగది కనిపిస్తుంది, వంటగది అవతల పెరటి తలుపు కనిపిస్తుంది. వేరే కుర్చీ ఉంది. అందులోకి మారలేదు.

లోపల ఏం జరుగుతోంది, ఒప్పుకుంటున్నాడా, అదే నా బెంగ. పోయేముందు మనిషి మెత్తబడతాడంటారు. మెత్తబడి, పాస్టరుగారి చేయి పట్టుకుని, అయ్యగారూ నేనొక ఘోరం చేశాను అన్నాడనుకో. అంతే, అయిపోయింది. ఇన్నేళ్లుగా నేను గుండెల్లో దాచుకున్న తీర్పు ఆ ఒక్క మాటతో గాలికి పోతుంది. మాకు చెప్పేది అదే కదా, మనసారా పశ్చాత్తాపపడితే ఆఖరి ఘడియలో వచ్చినవాడికైనా ఆయన తలుపు తీస్తాడని. ఆ ప్రసంగం పడిన ఆదివారమల్లా చుట్టూ అందరూ స్తోత్రం స్తోత్రం అంటూ కళ్లు తుడుచుకుంటుంటే నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని. తలుపు తీస్తాడట. మా అక్కకి తీశారా?

ఆ పెరటి తలుపే. అప్పట్లో ఆకుపచ్చ రంగు, ఇప్పుడు గోధుమ రంగు, గడియ మాత్రం పాతదే, రంగు మీద రంగు పడి లావెక్కింది. అక్కకి ఒంట్లో బాగోలేదు ఆ వారం, జ్వరం వచ్చి పోతూ ఉంది. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు, వచ్చినవాళ్ల ముందు బావ ఏదో తప్పు చెబితే అక్క నవ్వుతూ సరిదిద్దింది. అంతే, ఇంకేం లేదు, నవ్వుతూ. అందరూ వెళ్లాక వాన మొదలైంది, ఆరేసిన బట్టలు తీయడానికి అక్క పెరట్లోకి వెళ్లింది, వెనక గడియ పడింది. "బుద్ధొచ్చాక తీస్తా" అన్నాడట లోపలి నుంచి. పెరటికి చుట్టూ గోడ, పైన చూరు అయినా లేదు. అక్క ఆస్పత్రిలో నాకు చెప్పింది, రొప్పుతూ, ఒక్కో మాటకీ ఆగుతూ. "నిద్రపోలేదే ఆయన. పిల్లని పడుకోబెడుతూ పాట పాడుతున్నాడు. నేను తలుపు కొడుతుంటే పాట గొంతు పెంచాడు." తెల్లారాక గడియ తీసి, అక్క వంక చూడకుండా ఉదయ ప్రార్థనకి వెళ్లాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు డాక్టర్లు. వారం తిరక్కుండా అయిపోయింది. అయిపోయేముందు నా చేత ఒట్టు లాంటిది వేయించుకుంది, మాలో ఒట్లు పెట్టరు కనక మాట తీసుకుంది అనాలి. "ఎవ్వరికీ చెప్పకు. రేపు పిల్లని పెంచాల్సింది ఆయనే. వాళ్ల నాన్న ఇలాంటివాడని దానికి తెలియకూడదు. దేవుడు చూశాడుగా, చాలు." చాలు అంది. సమాధి దగ్గర బావ కళ్లొత్తుకుంటూ ప్రభువు పిలుచుకున్నాడన్నాడు. ఎంత విశ్వాసమో చూడండి అని జనం ముక్కున వేలేసుకున్నారు, మరుసటి ఏడాదే సంఘ పెద్దని చేశారు.

దేవుడు చూశాడుగా. చూశాడు, నాకు అనుమానం లేదు. నాకు చాలా విషయాల్లో అనుమానాలున్నాయి, పాస్టర్ల మీద ఉన్నాయి, పాటల మీద ఉన్నాయి, నా ప్రార్థనల మీద మరీ ఉన్నాయి, తీర్పు మీద మాత్రం పిసరంత కూడా లేదు. సండే స్కూల్లో టీచరమ్మ చెప్పింది, చివరి దినాన అందరినీ సింహాసనం ముందు నిలబెట్టి, ప్రతివాళ్లూ చేసినవి, చీకట్లో చేసినవి కూడా, బయటపెడతారని. ఎలా బయటపెడతారు అని అడిగింది అక్క. ఇంటికొచ్చాక అక్కే తేల్చేసింది, పెద్ద తెల్లగుడ్డ కట్టి సినిమా వేస్తారని. మధ్యాహ్నం నిద్రపొమ్మని మమ్మల్ని గదిలో వేస్తే, ఒకే దుప్పటి కప్పుకుని దానిది ఒకటే గొడవ. "నేను చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టింది కూడా వేస్తారా? నువ్వు పక్క తడిపింది కూడానా? అందరూ చూస్తారా, ఎదురింటివాళ్లు కూడా?" నరకం సంగతి ఎలా ఉన్నా ఎదురింటివాళ్లు చూస్తారన్నదే దాని దిగులు. నేను ఏడుపు లంకించుకున్నాను. అక్క గట్టిగా గిల్లి, "ఏడవకే మొద్దూ, నీ బొమ్మ పడేసరికి నేను లేచి తెరకి అడ్డం నిలబడతాలే" అంది. చర్చిలో కూడా అంతే, ప్రసంగంలో భయపెట్టే మాట వచ్చినప్పుడల్లా బెంచీ మీద నా తొడ గిల్లేది. భయపడకు, నేనున్నా అని దానర్థం. నా తొడ మీద ఎప్పుడూ ఒక నల్లమచ్చ ఉండేది. అక్క పోయాక ఆ మచ్చ కొన్నాళ్లుండి, ఆనక అదీ పోయింది.

ఆ సినిమా కోసమే బతికాను నేను, ఇందులో దాపరికం ఏముంది. లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే ప్రతి తెల్ల దుప్పటి మీదా అదే బొమ్మ. పెరడు, వాన, అక్క పిడికిలి. లోపల బావ పాట, పిల్ల బుగ్గ నిమురుతూ గొంతు పెంచడం. సంఘమంతా వరసగా కూర్చుని చూస్తుంటుంది, ముక్కున వేలేసుకున్నవాళ్లంతా ఆ వేలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దిక్కులు చూస్తుంటారు. బావ పారిపోవడానికి వీల్లేదు, అక్కడ తలుపులుండవు. దుప్పటి మీద ఆవిరి లేచేది, నేను నవ్వుకునేదాన్ని. ఏమ్మా, ఏదో జోకు గుర్తొచ్చినట్టుందే అనేవాళ్లు గిరాకీలు.

ఇక బల్ల సంగతి. నెలలో మొదటి ఆదివారం ప్రభువు శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మా సంఘంలో దీనికొక కట్టుబాటు ఉంది, ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్లు, ఒప్పుకోని పాపం ఉన్నవాళ్లు తీసుకోకూడదు. మోసంతో తీసుకుంటే తన మీదికి తానే శిక్ష తెచ్చుకుని తిన్నట్టు, తాగినట్టు. పాస్టరు ప్రతిసారీ హెచ్చరిస్తాడు, జనం ప్రతిసారీ తల వంచుకుని కళ్లు మూసుకుని ఒక నిమిషంలో శుభ్రపడిపోయి చేయి చాపుతారు. నేను చాపను. బావని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు, దేవుడి ముందు నటించడం నా వల్ల కాదు. సంఘ పెద్ద హోదాలో తెల్లచొక్కా వేసుకుని చిన్న గాజు కప్పుల ట్రే పట్టుకొచ్చేది ఎవరనుకున్నారు, బావే. బెంచీ చివర కూర్చునేది నేను. ట్రే నా చేతికి ఇస్తాడు, ఒక్క క్షణం ఇద్దరి వేళ్లూ దాని మీదే ఉంటాయి, నేను కప్పు ముట్టుకోకుండా పక్కావిడకి అందిస్తాను. పక్కావిడ జాలిగా చూస్తుంది. అన్ని వరసలూ అయ్యాక బావ ముందుకెళ్లి తన కప్పు ఎత్తి గుటుక్కున మింగుతాడు. తాగు బావా, ఇంకొకటి తాగు అనుకునేదాన్ని. నెలకొక గుక్క శిక్ష, ఇన్నేళ్లపాటు, వద్దన్నవాళ్లు లేరు. జనానికి అర్థమయ్యింది మాత్రం తలకిందులుగా. ట్రే తెచ్చేవాడు పరిశుద్ధుడు, దాటించేది పాపాత్మురాలు. నాకు పేరు కూడా పెట్టారు, ప్లేటు దాటేసే ఆవిడ. పెళ్లి చేసుకోలేదుగా, ఏదో ఉండే ఉంటుంది, లాండ్రీ అంటే పదిమంది వచ్చిపోయే చోటు అని చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ. అయినా బల్ల గుడ్డ ఉతకడానికి మాత్రం నా దగ్గరికే పంపుతారు, ద్రాక్షరసం మరక వదిలించడం ఇంకెవరికీ చేతకాదు. చాలామంది కంగారుపడి ముందే సబ్బు రుద్దుతారు, దాంతో మరక పాతుకుపోతుంది. గుడ్డని గిన్నె మీద బిగించి కట్టి మరిగే నీళ్లు ఎత్తు నుంచి ధారగా పొయ్యాలి, మరక ఆరకముందే. ఆరితే కష్టం.

తలుపు తీసిన చప్పుడు. పాస్టరుగారు బయటికి వచ్చి మెల్లగా తలుపు దగ్గరకి వేశారు. కొత్తగా వచ్చినాయన, వయసులో చిన్న, ఇలాంటి పడకలు ఇంకా ఎక్కువ చూసి ఉండడు, కళ్లు తడిగా ఉన్నాయి. నేను లేవబోతే వద్దని సైగ చేసి ఎదురుగా కూర్చున్నారు. "ఇంత నెమ్మది నేనెక్కడా చూడలేదమ్మా. ఒప్పుకోవాల్సింది ఏమైనా మిగిలిందా పెద్దాయనా అని అడిగాను. బాగా ఆలోచించుకుని చెప్పారు, ఏమీ లేదయ్యా, తెలిసి ఎవరికీ అన్యాయం చెయ్యలేదు అని. ఒక్కటే బాధన్నారు, మీ గురించి." నా గురించా అన్నాను. "మా మరదలు ఏ కారణం చేతో బల్లకి దూరంగా ఉండిపోయింది, ఆమెతో కలిసి ఒక్కసారి తీసుకుని వెళ్లిపోతాను, అదొక్కటే కోరిక అన్నారు. బలవంతం లేదమ్మా. మనసుకి ఒప్పుదలైతే లోపలికి రండి." నా ఒడిలోని గుడ్డ చూసి, ఇది కూడా దేవుడే పంపాడు అని దాన్ని తీసుకుని లోపలికి వెళ్లారు. ఒడి ఒక్కసారి చల్లబడింది.

ఏమీ లేదట! తెలిసి ఎవరికీ చెయ్యలేదట! నాకు నవ్వు తన్నుకొచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మర్చిపోయాడు. నేను నిద్రలో కూడా వదలని తలుపుని అతను గడియ తీసినప్పుడే మర్చిపోయాడు, కాదంటే అదసలు నేరమని అతని బుర్రకి ఏనాడూ తట్టలేదు, పెళ్లానికి బుద్ధి చెప్పాడు, ఆమెకి జబ్బు చేసింది, ప్రభువు పిలుచుకున్నాడు, మూడూ మూడు వేర్వేరు సంగతులు. మంచిది. అంటే ఒప్పుకోలేదు. అంటే నా తీర్పు ఎక్కడికీ పోలేదు, ఇవాళో రేపో అతను తెల్లచొక్కాతో, నెమ్మదిగా, నేరుగా దాని ముందుకే నడిచి వెళ్తున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఆ మాటే. అనుకున్నాకే రెండోది తట్టింది. అతనికి తెలియదు, నాకు తెలుసు. ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. గోడ మీద కావలి కాసేవాడు ముంచుకొచ్చే ఆపద కళ్లారా చూసి కూడా కేక వెయ్యకపోతే, పోయినవాడి రక్తానికి ఆ కావలివాడే జవాబు చెప్పాలని మాకు నేర్పారు. ఇది కూడా ఆ టీచరమ్మే. ఆ మాట విన్నప్పుడు కూడా అక్క నా తొడ గిల్లింది.

కేక వెయ్యాలంటే ఎంత పని. పిల్లని ఒక్క నిమిషం బయటికి పంపి అతని చెవిలో చెబితే చాలు. అక్క ఎవ్వరికీ చెప్పకు అంది, అతనికి చెప్పకు అనలేదు. బావగారూ, ఆ రాత్రి వాన గుర్తు చేసుకోండి, తలుపు కొట్టిన చప్పుడు గుర్తు చేసుకోండి. చెబితే ఉలిక్కిపడతాడు. ఆ నెమ్మది ముక్కలవుతుంది, భయం పట్టుకుంటుంది, ఏడుస్తాడు, ఏడ్చి ఒప్పుకుంటాడు, ఒప్పుకుంటే తలుపు తీస్తారు. నా నోటితో నేనే అతన్ని దాటించాలి. చెబితే చావబోయేవాణ్ణి పీక్కుతిన్న రాక్షసినవుతాను, చెప్పకపోతే పెద్దమనసున్న మరదలినవుతాను, ఈ ఇంట్లో వాళ్ల లెక్క అది, పైవాడి లెక్క దానికి సరిగ్గా ఎదురు. నా మనసు నన్నే వెక్కిరిస్తోంది. కసి తీరా చెప్పాలని ఇన్నేళ్లు చచ్చేంత ఆశపడ్డావు కదే, ఇప్పుడు చెప్పడమే దయ అని తెలిసేసరికి నాలుక పడిపోయిందేం. అవును, పడిపోయింది. దయ అయితే నాకొద్దు. కానీ అతన్ని అలా పంపితే నేనేమవుతాను? గడియ వేసి పాట పాడుకున్నవాడికీ నాకూ తేడా ఏం మిగిలింది. అతను ఇటువైపు నుంచి వేశాడు, నేను అటువైపు నుంచి వేస్తున్నాను.

పిల్ల జావ గ్లాసు పట్టుకుని వంటగదిలోంచి వచ్చి నా పక్కన నిలబడింది. పిల్ల నుదురు అచ్చం అక్కదే. "తాగనన్నాడు పిన్నీ. ఇక ఏమీ తాగడట, కప్పు ఒక్కటే తాగుతాడట." గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. "నాన్నకి భయం లేదు, నాకే భయంగా ఉంది. అమ్మ కనిపిస్తుంది కదా ఆయనకి? అక్కడ కలుస్తారు కదా?" కలుస్తారు అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు. "నువ్వు లోపలికి రా పిన్నీ. నాకోసం రా. నీకేం కష్టమొచ్చి బల్ల మానేశావో నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను." అక్క చెప్పింది నిజమే, పెంచాల్సింది అతనే, పెంచాడు, బాగా పెంచాడు, ఇంత మంచి పిల్లని పెంచాడు, ఆ కోపం ఇంకొకటి. లేచాను.

గదిలో మందుల వాసన, కిటికీకి పరదా. మంచం పక్కన చిన్న బల్ల మీద నా గుడ్డ పరిచారు, నా ఇస్త్రీ మడతలు కత్తిలా నిలబడి ఉన్నాయి, దాని మీద రొట్టె ముక్కల పళ్లెం, నాలుగు చిన్న కప్పులు. బావ ఎంత చిన్నగా అయిపోయాడు. తెల్లచొక్కా తొడిగారు, అందులో సగం గాలే. "వచ్చావా మరదలా" అన్నాడు. వచ్చాను బావగారూ అన్నాను. ఎప్పుడూ బావగారే, మీరే, నోటి మర్యాదకి ఏనాడూ లోటు చెయ్యలేదు. పిల్ల తువ్వాలు తేవడానికి పక్కగదికి వెళ్లింది, పాస్టరుగారు మాకు వీపు తిప్పి కప్పుల్లో రసం వంపుతున్నారు. బావ చేత్తో దగ్గరికి రమ్మన్నాడు. వంగాను. అతని చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. "నిన్ను నేనెప్పుడో క్షమించేశాను. నువ్వేం చేశావో నాకు తెలియదు, అడగను. నా వైపు నుంచి ఏమీ లేదు." దగ్గు వచ్చింది, ఆగాడు, ఆ కళ్లలో నిజంగానే జాలి ఉంది, నా మీద జాలి. "చెప్పుకోవాలనుంటే చెప్పుకో. తేలికవుతుంది. ఏమైనా ఉందా?" అడిగాడు. స్వయంగా అతనే అడిగాడు. ఇంతకన్నా పెద్ద తలుపు ఇంకెవరు తీస్తారు. బావగారూ అన్నాను, మాట గొంతు దాకా వచ్చింది, నాలుక మీదికి వచ్చింది, వాన అన్న మాట, ఆ రెండక్షరాలు ముందు అనేస్తే మిగతాది దానంతటదే వచ్చేది. అంతలో అతను చిన్నగా నవ్వాడు. "మీ అక్క ఎదురొస్తుంది నాకు. తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. నాకు తెలుసు."

"అవును బావగారూ" అన్నాను. "తలుపు దగ్గరే ఉంటుంది."

"ఇంకేం లేదుగా?"

"ఏం లేదు. హాయిగా వెళ్లండి."

పిల్ల తువ్వాలుతో వచ్చింది. పాస్టరుగారు ఇటు తిరిగి, ఎప్పటిలాగే హెచ్చరిక చదివారు, ఎవరి మనసు వాళ్లు పరీక్షించుకోండి అన్నారు, ఒక నిమిషం ఆగారు. పరీక్షించుకున్నాను. నా మనసు ఇంత స్పష్టంగా నాకెప్పుడూ కనిపించలేదు. పళ్లెం వచ్చింది, రొట్టె తీసుకున్నాను. ట్రే వచ్చింది. అలవాటుకొద్దీ చేతులు దాన్ని పక్కకి అందించబోయాయి, ఆపుకుని, ఒక కప్పు తీశాను. పిల్ల చూసి ఏడ్చేసింది, సంతోషంతో. బావ కప్పు పిల్ల పట్టుకుంది, అయినా అతని పెదవి వణికి ఒక చుక్క జారి నా తెల్లగుడ్డ మీద పడింది, పడి మెల్లగా వెడల్పయ్యింది. ఆరకముందే వేణ్ణీళ్లు పొయ్యాలి. కదల్లేదు. తాగాను. అంత తియ్యగా ఉంటుందని మర్చేపోయాను. పాస్టరుగారు ఆమెన్ అన్నారు, పిల్ల అంది, బావ పెదవులు కదిపాడు, నేనూ అన్నాను. ఈ గది కూడా ఆ తెర మీద పడుతుంది, ఈ కప్పు, ఈ చెవి, నాలుక మీదికి వచ్చి వెనక్కి పోయిన ఆ మాట, అన్నీ పడతాయి, అందరూ చూస్తారు, పిల్ల కూడా చూస్తుంది. బావ పక్కనే నేనూ నిలబడి ఉంటాను. అప్పుడు అక్క లేచి నా బొమ్మకి అడ్డం నిలబడుతుందో లేదో నాకు తెలియదు.